13-10: కోఆర్డినేటర్ మారాడు, స్కోరు మారలేదు

డిసెంబరు వచ్చిందంటే అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో కోచ్‌ల సంత మొదలవుతుంది. ఎవరిని పీకేశారు, ఎవరు ఎక్కడ చేరారు, ఎవరికి ఎన్ని మిలియన్లు, రోజంతా అవే వార్తలు. మా సీడర్ ర్యాపిడ్స్ (అయోవా రాష్ట్రం) కుర్రాళ్ళ వాట్సాప్ గ్రూపులో (అందరికీ నలభై దాటాయి, గ్రూపు పేరు మాత్రం కుర్రాళ్ళే) మొన్న ఒకడు తను చదివిన యూనివర్సిటీ జట్టుకి కొత్త అఫెన్సివ్ కోఆర్డినేటర్ వచ్చాడని మెసేజ్ పెట్టాడు. "వచ్చే ఏడాది ఇంక దున్నేయడమే" అన్నాడు. పదకొండు మంది బొటనవేళ్ళు ఎత్తారు. నేను "చూద్దాం" అని కొట్టి, పంపకుండా చెరిపేశాను. వాడి సంతోషంలో నీళ్ళు పొయ్యడం ఎందుకని.

చెరిపేసిన ఆ మాట గురించే ఈ పోస్టు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కొత్త ఓసీ (అఫెన్సివ్ కోఆర్డినేటర్‌కి పొట్టిపేరు) వచ్చాడనగానే మనమంతా అతని బయోడేటా మీద పడతాం. ఎక్కడ పనిచేశాడు, ఎన్ని పాయింట్లు కొట్టించాడు, ఏ క్వార్టర్‌బ్యాక్‌ని తయారుచేశాడు. అదంతా తర్వాత. హెడ్ కోచ్ ఈసారి తన చేతిలోంచి ఏం వదలడానికి సిద్ధపడ్డాడో ముందు చూడాలి. అతను ఏదీ వదలకపోతే ఎంత మొనగాణ్ణి తెచ్చినా పాత ఆటే చూస్తాం. ఈ మాట నేను మొదటి నుంచీ అన్నది కాదు. 2022లో మా అయోవా జట్టుకి హెడ్ కోచ్ కొడుకే ఓసీగా ఉన్నప్పుడు "ఆ కొడుకుని పీకేస్తే చాలు, అన్నీ సర్దుకుంటాయి" అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఈ ఆట అంతగా చూడనివాళ్ళకి ఒక్క మాట. బంతి మన చేతిలో ఉన్నప్పుడు ఆడేవాళ్ళు అఫెన్స్, అవతలివాణ్ణి ఆపేవాళ్ళు డిఫెన్స్, బంతి విసిరి అఫెన్స్‌ని నడిపేవాడు క్వార్టర్‌బ్యాక్. ఓసీ అంటే క్రికెట్లో బ్యాటింగ్ కోచ్ లాంటివాడు అనుకుంటే సగమే నిజం. బ్యాటింగ్ కోచ్ నెట్స్‌లో చెప్పేది చెప్పి, మ్యాచ్ రోజున పెవిలియన్లో గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుంటాడు. ఇక్కడ చాలా జట్లలో ప్రతి బంతికీ ఏ షాట్ ఆడాలో చెప్పేది ఓసీయే. ఆటకి అరవై డెబ్బై సార్లు. కాబట్టి ఏది చెడినా వేలు చూపించడానికి అతనంత వీలైన మనిషి ఇంకొకడు దొరకడు.

టచ్‌డౌన్ లేని గెలుపు

2022 సెప్టెంబరు 3. ఆఫీసులో ఒకాయన దగ్గర టికెట్ మిగిలిపోతే మొదటిసారి అయోవా సిటీలో కిన్నిక్ స్టేడియానికి వెళ్ళాను. మా ఊరి నుంచి అరగంట దారి. దాదాపు డెబ్బై వేల మంది. నా పక్క సీట్లో నలుపు పసుపు చారల ఓవరాల్స్ వేసుకున్న పెద్దాయన. మొదటి క్వార్టర్ అవగానే స్టేడియమంతా ఒక పక్కకి తిరిగి చేతులు ఊపడం మొదలుపెట్టింది. అటు చూస్తే పిల్లల ఆసుపత్రి. పై అంతస్తు అద్దాల వెనక చిన్న చిన్న ఆకారాలు, అవీ చేతులు ఊపుతున్నాయి. 2017 నుంచీ ప్రతి ఆటకీ ఇలాగేనట. నేనూ ఊపాను. ఆ తర్వాత కాసేపు కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నాను.

ఆ రోజు అంత బాగున్నది అదొక్కటే. అవతలిది సౌత్ డకోటా స్టేట్, కింది డివిజన్ జట్టు. అయోవా 7-3తో గెలిచింది. ఏడు అనగానే ఎవరైనా ఒక టచ్‌డౌన్ (బంతిని అవతలివాడి గోల్ లైను దాటిస్తే వచ్చే ఆరు), దాని మీద అదనపు పాయింటు అనుకుంటారు. కాదు. బంతిని కర్రల మధ్యలోంచి తన్నే ఫీల్డ్ గోల్ ఒకటి, దానికి మూడు. రెండు సేఫ్టీలకి రెండేసి చొప్పున నాలుగు. అవతలివాణ్ణి వాడి గోల్ లైను వెనకే పట్టేస్తే వచ్చేదే సేఫ్టీ, అంటే అది మన డిఫెన్స్ కష్టార్జితం. అఫెన్స్ సంపాదన మొత్తం మూడు పాయింట్లు.

పంట్ కొట్టడానికి టోరీ టేలర్ అనే ఆస్ట్రేలియా కుర్రాడు మైదానంలోకి వచ్చినప్పుడల్లా మాత్రం జనం లేచి నిలబడి చప్పట్లు. పంట్ అంటే మన వల్ల కాదని బంతిని దూరంగా తన్ని అవతలివాడికి అప్పజెప్పడం. దానికి ఈ సంబరం ఏమిటని పెద్దాయన్ని అడిగాను. "బంతి అవతలివాడి చేతిలో పెట్టడంలో మమ్మల్ని కొట్టేవాడు దేశంలో లేడు" అన్నాడు, మొహంలో నవ్వేమీ లేకుండా. మరుసటి ఏడాది ఆ కుర్రాడు ఒక్క సీజన్లో అత్యధిక పంటింగ్ గజాల జాతీయ రికార్డు కొట్టి, దేశంలో ఉత్తమ పంటర్‌కి ఇచ్చే రే గై అవార్డు తీసుకున్నాడు. పెద్దాయన వెటకారమాడాడని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఇప్పుడు తల్చుకుంటే ఆయన ఉన్నమాటే చెప్పాడు.

కాంట్రాక్టులో ఇరవై అయిదు

అయోవా హెడ్ కోచ్ కర్క్ ఫెరెంట్జ్. 1999 సీజన్ నుంచీ ఆయనే. ఓసీ బ్రయన్ ఫెరెంట్జ్, ఆయన కొడుకు. సొంత కొడుకు తండ్రి కింద పనిచేయకూడదన్న నియమం ఉంది కాబట్టి కాగితాల మీద బ్రయన్ పై అధికారి, యూనివర్సిటీలో ఆటలన్నీ చూసుకునే అథ్లెటిక్ డైరెక్టర్ గ్యారీ బార్టా. కాగితాల మీద ఏం రాసుకున్నా ఆదివారం భోజనం దగ్గర ఎవరు ఎవరికి పై అధికారో మన తెలుగువాళ్ళకి విడమరిచి చెప్పాలా.

2022 ముగిసేసరికి అయోవా అఫెన్స్ ముందుకు సాగిన గజాల లెక్కలో 131 జట్లలో 130వ స్థానంలో ఉంది. 2023 ఫిబ్రవరిలో బార్టా బ్రయన్ కాంట్రాక్టుని తిరగరాశాడు. జీతం 9 లక్షల డాలర్ల నుంచి 8 లక్షల 50 వేలకి తగ్గింది. ఉద్యోగం నిలవాలంటే రెండు షరతులు: కనీసం 7 గెలుపులు, ఆటకి సగటున 25 పాయింట్లు. పదమూడు ఆటలకి 325 అవుతుంది. ఆ అంకె రాష్ట్రమంతా పాకిపోయింది. మా పక్కింటాయన విత్తనాల మొక్కజొన్న అమ్మి రిటైరైన మనిషి. ఫ్రిజ్ మీద ఒక తెల్లకాగితం అతికించి, పైన 325 అని పెద్దగా రాసి, కింద వారం వారం లెక్క వేయడం మొదలుపెట్టాడు. శనివారం సాయంత్రం మా ఆవిడ పకోడీలు వేస్తే పట్టుకెళ్ళి ఆ కాగితం ముందు నిలబడి తినడం మాకు అలవాటైపోయింది.

తమాషా ఏమిటంటే ఆ ఇరవై అయిదులో డిఫెన్స్ కొట్టిన టచ్‌డౌన్లూ, పంట్ పట్టుకుని పరిగెత్తి తెచ్చినవీ అన్నీ కలుస్తాయి. అంటే అఫెన్స్ కోచ్ ఉద్యోగం డిఫెన్స్ వాళ్ళు కాపాడవచ్చు. ఆ కాంట్రాక్టు రాసినవాళ్ళకి ఈ ఆట వచ్చా అని పక్కింటాయన్ని అడిగితే, "ఆట కాదు, వాళ్ళకి లాయర్లు తెలుసు" అన్నాడు.

2023లో స్కోర్లు చూడండి. 24, 20, 41, 0, 26, 20, 15, 10, 10, 22, 15, 13, 0, 0. పద్నాలుగు ఆటలు, మొత్తం 216. సగటు 15.4. గజాల లెక్కలో 133 జట్లలో 133వ స్థానం. ఇరవై అయిదు దాటింది రెండే రెండు సార్లు. పక్కింటాయన కాగితం మీద సున్నాలు వేసినప్పుడల్లా వాటిలో కళ్ళూ ముక్కూ గీసేవాడు.

అదే జట్టు పద్నాలుగింటిలో పది గెలిచింది. నార్త్‌వెస్టర్న్ మీద 10-7. ఇల్లినాయ్ మీద 15-13. నెబ్రాస్కా మీద 13-10. ఇక్కడే నా బుర్ర తిరగడం మొదలైంది.

అక్టోబరు 30న, జట్టు ఎనిమిదిలో ఆరు గెలిచి ఉండగా, తాత్కాలిక అథ్లెటిక్ డైరెక్టర్ బెత్ గెట్స్ ప్రకటన ఇచ్చింది: ఈ సీజన్ తర్వాత బ్రయన్ ఉండడు. సీజన్ మధ్యలో ఇదేం పద్ధతని తండ్రికి నచ్చలేదు, నచ్చలేదన్న సంగతి దాచుకోనూ లేదు. ఆ వారం తెనాలి ఫోన్ చేసినప్పుడు ఇక్కడి విశేషాలేంటంటే అమ్మకి ఈ కథ చెప్పాను. ఆవిడకి ఫుట్‌బాల్ అంటే గుండ్రటి బంతే. అయినా మొత్తం విని, "ఆ తండ్రి చెప్పినట్టే కదురా ఆ పిల్లాడు ఆడించింది?" అంది.

"అవుననుకో, కానీ ఏం ఆడించాలో పిలిచేది వాడే కదమ్మా."

"పిలిచేది వాడే నాన్నా. పిలవనిచ్చేది ఎవరు?"

నా దగ్గర జవాబు లేక వాతావరణం గురించి మాట్లాడాను.

ఒకే చెట్టు కాయలు

ఆ 2023లోనే అయోవా డిఫెన్సివ్ కోఆర్డినేటర్ ఫిల్ పార్కర్‌కి దేశంలో ఉత్తమ అసిస్టెంట్ కోచ్‌కి ఇచ్చే బ్రాయిల్స్ అవార్డు వచ్చింది. ఒకే జట్టు, ఒకే సీజన్, ఒకే హెడ్ కోచ్. ఒక కోఆర్డినేటర్‌కి దండ, ఇంకొకరికి దండన. ఇది రెండు వేరు వేరు కథలని చాలామంది అనుకున్నారు. నాకు మాత్రం ఒకే చెట్టు కాయల్లాగా కనపడుతున్నాయి.

కర్క్ ఫెరెంట్జ్ ఆట ఏమిటంటే తప్పు చేయకుండా ఉండటం. బంతి పోగొట్టుకోవద్దు. కుదరకపోతే దూరంగా తన్నెయ్. అవతలివాణ్ణి వాడి గోల్ దగ్గర మూలకి నెట్టి కూర్చోబెట్టు, డిఫెన్స్ చూసుకుంటుంది. అవతలివాడే విసిగి తప్పు చేస్తాడు. ఈ లెక్కలో అఫెన్స్ అంటే ఇంట్లో పెళ్ళి జరుగుతుంటే పక్క గదిలో కూర్చోబెట్టిన అల్లరి పిల్లాడు. గెలిపించకపోయినా ఫరవాలేదు, ఏదీ పగలగొట్టకుండా ఉంటే చాలు. అలాంటి ఇంట్లో ఆ పిల్లాణ్ణి ఎందుకు బొమ్మలు గియ్యలేదురా అని అడిగితే ఏం చెప్తాడు?

దీనికి నా దగ్గర పాత సాక్ష్యం ఒకటుంది. బ్రయన్ కంటే ముందు, 2012 నుంచి 2016 దాకా, అక్కడ ఓసీ గ్రెగ్ డేవిస్. అంతకుముందు టెక్సస్‌లో ఓసీ. 2005 సీజన్లో క్వార్టర్‌బ్యాక్ విన్స్ యంగ్‌తో జాతీయ ఛాంపియన్‌షిప్ కొట్టిన జట్టులో ఆ పని చేసినవాడు. బయోడేటా చూస్తే కళ్ళు చెదురుతాయి. అయోవా వచ్చాక మొదటి ఏడాది 4-8, అంటే నాలుగు గెలుపులు, ఎనిమిది ఓటములు. 2015లో వరసగా పన్నెండు గెలిచారు, కాదనను, కానీ ఆ జట్టుని చూసి ఇది టెక్సస్ ఆటరా అన్నవాళ్ళు ఎవరూ లేరు. డేవిస్ అయోవాని మార్చలేదు. అయోవానే డేవిస్‌ని మార్చింది.

బ్రయన్‌కి అన్యాయం జరిగిందని మాత్రం నేను అనను. తండ్రి జట్టులో కొడుక్కి ఆ కుర్చీ ఇవ్వడమే తప్పు, అది తీసుకోవడం ఇంకో తప్పు. ఇంకొకరి కొడుకైతే 2022 తర్వాత ఉండేవాడు కాదు. మరోపక్క, ఇదే బ్రయన్ 2017లో ఒహాయో స్టేట్ మీద 55 పాయింట్లు కొట్టించాడు, 55-24. అతని అఫెన్స్‌లో ఆడిన ఇద్దరు టైట్ ఎండ్‌లు (అడ్డు కాస్తూ పాస్‌లు కూడా అందుకునేవాళ్ళు), హాకెన్‌సన్, ఫాంట్, ప్రొఫెషనల్ జట్లు కాలేజీ కుర్రాళ్ళని ఎంచుకునే 2019 డ్రాఫ్ట్‌లో ఇద్దరూ మొదటి రౌండ్లోనే పోయారు. పని బొత్తిగా రానివాడికి ఇవి జరగవు.

నేనూ ఒకప్పుడు కొత్త ఓసీనే

ఈ విషయంలో నేను ఇంత పట్టుదలగా ఎందుకున్నానో చెప్పాలంటే నా సొంత గొడవ ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ళ క్రితం, వేరే రాష్ట్రంలో, వేరే కంపెనీలో. ఒక ప్రాజెక్టు ఏడాదిన్నరగా కుంటుతుంటే టీమ్ లీడ్‌ని తీసేసి నన్ను బయట నుంచి తెచ్చారు. వచ్చిన మొదటి వారమే నా లక్ష్యాల్లో మేనేజరు ఒక అంకె రాశాడు: రెండు వారాల స్ప్రింట్‌కి 40 స్టోరీ పాయింట్లు (ఏ పని ఎంత పెద్దదో టీమే వేసుకునే అంచనా). అప్పటిదాకా టీమ్ 22 దగ్గర కొట్టుకుంటోంది. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి తర్వాత ఏం జరిగిందో చెప్పక్కర్లేదు. అంతకుముందు మూడు పాయింట్లన్న పనిని ఐదు అన్నాం, ఐదుని ఎనిమిది అన్నాం. మూడు నెలల్లో 41 వచ్చింది. మేనేజరు అందరికీ పిజ్జా తెప్పించాడు. రిలీజ్ మాత్రం చెప్పిన రోజు కంటే నాలుగు నెలలు ఆలస్యంగానే పోయింది.

అయోవా కాంట్రాక్టులో ఆ ఇరవై అయిదు చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది అందుకే. కానీ అసలు దెబ్బ అది కాదు. ఆరో నెలలో ఒక రోజు పాత ఫోల్డర్లు సర్దుతుంటే, నాకంటే ముందున్న లీడ్ రాసిన డిజైన్ కాగితం దొరికింది. డేటాబేస్‌ని రెండుగా విడగొట్టాలి, రాత్రి జాబులు వేరే సర్వర్ మీదకి మార్చాలి, ఫలానా మాడ్యూల్ పారేసి మళ్ళీ రాయాలి. నేను పది రోజుల క్రితం చాలా తెలివిగా, బొమ్మలతో సహా మేనేజరుకి ఇచ్చిన ప్రతిపాదన కూడా అక్షరాలా అదే. ఆమెది పద్నాలుగు నెలల పాతది. పక్కన మార్జిన్లో మేనేజరు వ్యాఖ్య రెండే మాటలు: "ఇప్పుడు కాదు." నా దాని మీద కూడా ఆ సాయంత్రానికి అవే రెండు మాటలు పడ్డాయి.

అప్పటిదాకా ఆమెకి పని రాదని నేను ఎంతమందితో అన్నానో. అన్నవన్నీ గుర్తొచ్చి ఆ రోజు లంచ్‌కి ఎవరితోనూ కూర్చోలేకపోయాను.

లూసియానాలో ఒకడు చెయ్యి వదిలాడు

నా వాదనకి ఎదురుదెబ్బ అని జనం వెంటనే చూపించేది ఎల్‌ఎస్‌యూ, లూసియానా స్టేట్ యూనివర్సిటీ. 2018లో మామూలు అఫెన్స్. 2019 జనవరిలో హెడ్ కోచ్ ఎడ్ ఓర్జెరాన్, న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ అనే ప్రొఫెషనల్ జట్టు దగ్గర చిన్న ఉద్యోగంలో ఉన్న జో బ్రేడీని తెచ్చి, బంతి విసిరే ఆట చూసుకునే పాసింగ్ గేమ్ కోఆర్డినేటర్‌ని చేశాడు. వయసు 29. ఆ ఏడాది ఎల్‌ఎస్‌యూ 15-0. అంతకుముందు ఏడాది 16 టచ్‌డౌన్ పాస్‌లు వేసిన క్వార్టర్‌బ్యాక్ జో బర్రో ఈసారి 60 వేశాడు. దేశంలో ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్‌మన్, జాతీయ ఛాంపియన్‌షిప్, అన్నీ. చూశారా, ఒక్క మనిషి వస్తే ఎంత మార్పో, అంటారు.

నేను ఆ కథని ఇంకో వైపు నుంచి చదువుతాను. అదే ఓర్జెరాన్ 2017లో బోలెడు జీతం ఇచ్చి మ్యాట్ కెనడా అనే పేరున్న ఓసీని తెచ్చుకున్నాడు. ఒక్క సీజన్‌కే ఇద్దరికీ చెడింది. అంటే పేరున్నవాడు వచ్చి మునిగాడు, పేరులేనివాడు వచ్చి తేల్చాడు, పిలిచిన మనిషి ఇద్దరికీ ఒకడే. ఓర్జెరాన్ డిఫెన్సివ్ లైన్ కోచ్‌గా పెరిగినవాడు, పాతకాలపు గుద్దులాట అతని రక్తంలో ఉంది. 2019లో ఆ గుద్దులాట పక్కన పెట్టి, పాస్‌లు అందుకునే రిసీవర్లని ఐదుగురిని పరిచి ఆడుకోండి అన్నాడు. ఆ మాట అనడమే ఆ ఏడాది అసలు నియామకం అని నా లెక్క.

ఇంకో మనిషిని అందరూ మర్చిపోతారు. 2019లో కూడా ఎల్‌ఎస్‌యూ ఓసీ బ్రేడీ కాదు, స్టీవ్ ఎన్స్‌మింగర్ అనే అరవై దాటిన మనిషి. ప్లేలు పిలిచింది ఎక్కువగా ఆయనే. సగం వయసున్న కుర్రాడు వచ్చి తన అఫెన్స్‌ని తిరగరాస్తుంటే కుర్చీ జరిపి చోటిచ్చాడు. డిసెంబరు 28న ఓక్లహోమాతో సెమీఫైనల్ మొదలవడానికి కొన్ని గంటల ముందు ఆయన కోడలు విమాన ప్రమాదంలో చనిపోయింది. ఆయన బూత్‌లోకెళ్ళి హెడ్‌సెట్ పెట్టుకున్నాడు. ఎల్‌ఎస్‌యూ ఆ రోజు 63 పాయింట్లు కొట్టింది. ఆ ఏడాది బ్రాయిల్స్ అవార్డు బ్రేడీకి వచ్చింది. అతను దానికి తగడని కాదు, ఎన్స్‌మింగర్ పేరు మాత్రం గూగుల్ చేస్తే తప్ప ఎవరికీ గుర్తు రాదు.

బ్రేడీ మరుసటి ఏడాది ప్రొఫెషనల్ లీగ్‌కి వెళ్ళిపోయాడు, బర్రో వెళ్ళిపోయాడు, ఎల్‌ఎస్‌యూ 5-5. ఇక్కడ నా వాదన కూడా కొంచెం కుంటుతుంది. చెయ్యి వదిలిన హెడ్ కోచ్ అక్కడే ఉన్నాడు కదా, మరి ఎందుకు పడిపోయారు? ఆటగాళ్ళు. అంతకంటే తెలివైన జవాబు ఏదీ లేదు. బర్రో, జస్టిన్ జెఫర్సన్, జామార్ చేజ్ ఒకే జట్టులో ఉంటే ఆ హెడ్‌సెట్ మా పక్కింటాయనకి ఇచ్చినా ముప్ఫై పాయింట్లు వస్తాయి.

అయితే లెస్టర్ సంగతేంటి

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఎల్‌ఎస్‌యూ కాదు, మా అయోవాయే. 2024 జనవరి చివర్లో కర్క్ ఫెరెంట్జ్ టిమ్ లెస్టర్‌ని ఓసీగా తెచ్చుకున్నాడు. ఆయన పాతికేళ్ళలో నాలుగో ఓసీ. లెస్టర్ వెస్టర్న్ మిషిగన్ హెడ్ కోచ్‌గా చేసి, అక్కడ ఉద్యోగం పోయి, ఒక ఏడాది గ్రీన్ బే ప్యాకర్స్ అనే ప్రొఫెషనల్ జట్టు దగ్గర అనలిస్టుగా ఉన్నాడు. పేరు విన్న రోజు మా గ్రూపులో ఒక్క బొటనవేలు కూడా లేవలేదు. (పైన 2023 స్కోర్లలో ఆ 41 కనపడుతోంది కదా? అది వెస్టర్న్ మిషిగన్ మీదే.)

లెస్టర్ మొదటి ఆట 2024 ఆగస్టు 31, ఇల్లినాయ్ స్టేట్ మీద. ఆ రోజు హెడ్ కోచ్ స్టేడియంలో లేడు. ఒక ఆటగాణ్ణి చేర్చుకునేటప్పుడు నియమం మీరి ముందుగా మాట్లాడినందుకు యూనివర్సిటీ ఆయన్ని ఆ ఒక్క ఆటకి పక్కన పెట్టింది. కర్క్ ఫెరెంట్జ్ ఇంట్లో కూర్చున్న రోజున అయోవా స్కోరు 40-0! నా వాదనకి దేవుడే వచ్చి సాక్షి సంతకం పెట్టినట్టనిపించింది. రాత్రికి కొంచెం చల్లారాక ఒప్పుకున్నాను: హాఫ్ టైమ్‌కి అది 6-0 మాత్రమే, అవతలిది కింది డివిజన్ జట్టు, సంతకం చెల్లదు.

కానీ సీజన్ ముగిసేసరికి సగటు 15.4 నుంచి 27 దాటింది. హెడ్ కోచ్ ఆయనే. స్టేడియం అదే. మారింది ఓసీ. బంతి మోసుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్ కేలబ్ జాన్సన్ 1,537 గజాలు పరిగెత్తి 21 టచ్‌డౌన్లు కొట్టాడు. అతను కొత్తగా వచ్చినవాడు కూడా కాదు. బ్రయన్ దగ్గర చివరి ఏడాది, దెబ్బలతో కొన్ని ఆటలు పోయినా సరే, 463 గజాలు. అదే కుర్రాడు, మూడింతలు. స్నాప్‌కి (బంతి వెనక్కి అందించి ప్లే మొదలుపెట్టడం) ముందు ఆటగాళ్ళని అటూ ఇటూ కదిలించడం, డిఫెన్స్ ఒక వైపు చూస్తుంటే ఇంకో వైపు దారి తియ్యడం, అవన్నీ లెస్టర్ తెచ్చినవే. కాబట్టి ఓసీ వల్ల ఏమీ కాదని నేనంటే అబద్ధం ఆడినట్టే.

చాలా రోజులు దీని మీద కొట్టుకున్నాక నాకు తోచింది ఇది. లెస్టర్ అదృష్టమో తెలివో గానీ, తను బాగుచేసింది పరుగు. కర్క్ ఫెరెంట్జ్ మొదట లైన్ కోచ్, పరుగంటే ఆయనకి ప్రాణం. పరుగులో ఏ కొత్తదనం తెచ్చినా ఆయనకి భయం ఉండదు. బంతి విసరడంలో మాత్రం 2024లో కూడా అయోవా దేశంలో అట్టడుగు జట్లలోనే ఉంది. క్వార్టర్‌బ్యాక్‌లు సరిగ్గా లేకపోవడం కొంత కారణం, నిజమే. అయినా తలుపు ఎంత తెరిచారో గాలి అంతే వచ్చింది. బ్రయన్‌కి ఆ సందులోంచి కూడా గాలి తేవడం చేతకాలేదు, లెస్టర్‌కి చేతనైంది. ఓసీకి ఓసీకి తేడా అక్కడ ఉంది. ఇంతవరకూ నేను తగ్గుతాను, ఇంకా తగ్గను.

ఎందుకు తగ్గనంటే 2024 నవంబరు 29. ఏటా థాంక్స్ గివింగ్ మర్నాడు నెబ్రాస్కాతో ఆట. అప్పటికి విస్కాన్సిన్ మీద 42, నార్త్‌వెస్టర్న్ మీద 40 కొట్టి ఉన్నారు. ఆ చలిలో అఫెన్స్ మళ్ళీ పాత రోజుల్లోకి జారిపోయింది. కేలబ్ జాన్సన్ ఒక చిన్న పాస్ అందుకుని ఒంటరిగా 72 గజాలు లాక్కెళ్ళాడు. చివరి క్షణంలో ఫీల్డ్ గోల్. అయోవా 13, నెబ్రాస్కా 10. పక్కింటాయన లేచి ఫ్రిజ్ దగ్గరికెళ్ళి, ఇంకా తియ్యకుండా ఉంచిన 2023 కాగితం మీద నెబ్రాస్కా వరస దగ్గర వేలు పెట్టి చూపించాడు. 13-10. ఇద్దరం మాట్లాడుకోలేదు. పకోడీలు చల్లారిపోయాయి.

మర్నాడే ఒహాయో స్టేట్ తన సొంత మైదానంలో మిషిగన్ చేతిలో ఓడిపోయింది. స్కోరు 13-10. ఓడిన జట్టు ఓసీ చిప్ కెల్లీ, యూసీఎల్‌ఏలో హెడ్ కోచ్ కుర్చీ వదులుకుని వచ్చినవాడు, హెడ్ కోచ్ రయన్ డే కాలేజీలో క్వార్టర్‌బ్యాక్‌గా ఉన్నప్పుడు అతనికే కోచ్. తన గురువుని తెచ్చి ప్లేలు పిలిచే పని చేతిలో పెట్టాడు డే. ఆ రాత్రి ఇద్దరినీ పీకేయమన్నారు జనం. ఆ తర్వాత నాలుగు ప్లేఆఫ్ ఆటల్లో 42, 41, 28, 34 కొట్టి జనవరి 20న జాతీయ ఛాంపియన్లయ్యారు. నవంబరులో ఆ ఓసీని తీసేసి ఉంటే? ఆ ఊళ్ళో అందరూ ఇప్పుడు "మేము అప్పుడే నమ్మాం" అంటారట. ఒక్క స్కోరు చూసి కోఆర్డినేటర్‌ని తూచేవాళ్ళు, నాతో సహా, ఈ రెండు 13-10లు పక్కపక్కన పెట్టుకోవాలి.

2025కి అయోవాకి కొత్త క్వార్టర్‌బ్యాక్ వచ్చాడు, మార్క్ గ్రనౌస్కీ. ఎక్కడి నుంచంటే సౌత్ డకోటా స్టేట్ నుంచి. నేను చూసిన ఆ 7-3 ఆటలో ఓడిపోయిన వైపు క్వార్టర్‌బ్యాక్ అతనే. రెండు సేఫ్టీలు తిన్న మైదానానికే తిరిగొచ్చాడు. ఇతనితో కూడా లెస్టర్ ఏం చేశాడో చూడండి: బంతి విసిరించడం కన్నా మోసుకుని పరిగెత్తించి ఎక్కువ టచ్‌డౌన్లు తెచ్చాడు. కర్క్ ఫెరెంట్జ్ ఇంట్లో ఏది నడుస్తుందో అతనికి బాగా అర్థమైనట్టుంది. ఆ ఏడాది సెప్టెంబరులోనే కర్క్ 206వ గెలుపుతో, అయోవా ఆడే బిగ్ టెన్ లీగ్ చరిత్రలో ఒహాయో స్టేట్ పాత కోచ్ వుడీ హేస్‌ని దాటాడు. అలాంటి మనిషిని తలుపు ఇంకాస్త తెరవమని అడిగేవాడెవడు?

నవంబరు 28న మళ్ళీ నెబ్రాస్కా. ఈసారి 13-10 వస్తే ఈ పోస్టుకి ముగింపు దొరికినట్టేనని నేను లోలోపల ఆశపడ్డ మాట నిజం. అయోవా 40-16తో కొట్టింది. మంచినీళ్ళకని ఫ్రిజ్ దగ్గరికెళ్తే 325 కాగితం లేదు. దాన్ని తిరగేసి అయస్కాంతం కింద పెట్టారు. వెనక వైపు వాళ్ళావిడ చేతిరాతతో టర్కీ, క్రాన్‌బెర్రీలు, వెన్న రెండు డబ్బాలు.